ఉప్పూ తీపీ కలిసేచోటు

మా బందరు కొట్లలో నన్ను మించిన బేరగాడు లేడు. అందుకే హంసలదీవిలో సంగమం దాకా ట్రాక్టరువాడు ఇద్దరికీ ఇరవై అడిగితే, అమ్మను మండే ఇసుకలో నడిపించాను.

కృష్ణ సముద్రంలో కలిసేచోటే మునగాలని అమ్మ పట్టు. అదెక్కడో నాకేం తెలుసు! ఒడ్డున వల ఆరబెడుతున్న ముసలావిడను అడిగితే, నీళ్లలోకి దిగి, అడుగడుగునా పుడిసెడు తీసి రుచి చూసింది.

"ఇక్కడ ఉప్పన. ఇక్కడ తియ్యన. పోటుని బట్టి కలిసేచోటు రోజూ పక్కకి జరుగుద్దండీ. ఇదిగో అమ్మగారూ, ఇక్కడ మునగండి!"

ఐదు ఇవ్వబోయాను. వద్దంది. జన్మలో మొదటిసారి ధర నేనే పెంచి పదన్నాను, ఇరవై అన్నాను.

"మా ఊరి నీళ్లు చూపిస్తే కూలేంటండీ?" అని తలెగరేసింది.

ట్రాక్టరు మీద మిగిలింది ఇరవై. అమ్మ కాళ్ల బొబ్బల మందుకు ముప్పై. నికరంగా పది నష్టం. అమ్మ మాత్రం సరిగ్గా సంగమంలోనే మునిగింది.