విమలమ్మ పిన్నీసు

బండి చప్పుడైతే చాలు, విమలమ్మ చెయ్యి మెడ మీదికి పోతుంది. నేరేడ్‌మెట్‌లో కూరగాయలకు వెళ్లినప్పుడు బైకు మీదొచ్చిన వాడొకడు పుస్తెలతాడు తెంపుకుపోయాడు. అప్పటినుంచి మెడచుట్టూ కొంగు కప్పి పిన్నీసు పెట్టుకుంటుంది.

"అమ్మమ్మా, పాలాయన బండికి సుత గిట్ల వణుకుతవేందే?" అని మనవరాలు ఊర్మిళ నవ్వుతుంది.

"నవ్వుతవ్ తియ్యి. తెగింది నీ మెడ కాదు గద."

సాక్ష్యం రోజు కోర్టులో, పోలీసులకు దొరికిన ఆ దొంగ ఎదురుగానే నిలబడ్డాడు. గుమస్తా పేరూ ఇంటి నంబరూ చెప్పమన్నాడు. విమలమ్మ పేరు మాత్రమే చెప్పింది.

"నంబరు వాడు వింటడు సార్. కాయితం మీద రాసిస్త."

జడ్జి సరేనన్నాడు. ఆమె రాసిన అంకెలు వంకరపోయాయి.

"తెంపింది ఎవరమ్మా?" అని ప్లీడరు అడిగాడు.

విమలమ్మ పిన్నీసు తీసింది. కొంగు జరిపి, మెడ మీద తాడు కోసిన మచ్చను జడ్జికి చూపించి, వేలు వాడివైపు చాపింది. వేలు వణుకుతూనే ఉంది, కానీ దింపలేదు.