మొక్కని మొక్కు

మొన్న ఆదివారం కోరుట్లలో మా ఇంటికి దగ్గరగా కొత్తగా తెరిచిన పెద్ద దుకాణంలో పప్పులూ సబ్బులూ తీసుకుంటూ తిరుగుతుంటే, ఒక మూలన నూడుల్స్ పొట్లాలు నడుమెత్తున పేర్చి, నాలుగు కొంటే ఒకటి ఉచితమని బోర్డు పెట్టారు. పక్కనే ఒకమ్మాయి వాటిని అక్కడికక్కడే ఉడికించి వచ్చిన వాళ్ళకు తలా ఒక చెంచా రుచి చూపిస్తోంది. ఆ మసాలా వాసన ముక్కుకు తగిలిందో లేదో, ఇక అక్కడ నిలబడలేకపోయాను. బుట్ట అక్కడే వదిలేసి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. బీపీ పెరిగిందేమోనని మా ఆయన కంగారుపడి నీళ్ళ సీసా కొనుక్కొచ్చారు. బీపీ కాదు, జగిత్యాల గుర్తొచ్చింది అంటే ఆయనకేం అర్థమవుతుంది? ఉద్యమం రోజుల్లో అద్దె గదుల్లో అర్ధాకలితో బతికిన నా ఈడు వాళ్ళకైతే అర్థమవుతుందని, ఎవరికీ చెప్పని ఈ సంగతి ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాది రుద్రంగి. నాయన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఒక వానాకాలం పొద్దున తడిసిన చెట్టు మీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కరీంనగర్‌లో ఆపరేషన్ అయితే అయింది గానీ, మళ్ళీ నడుస్తాడో లేదో చెప్పలేమని డాక్టర్లు చేతులెత్తేశారు. నేను అప్పుడు జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. గది కిరాయి పోగా మిగిలిందంతా ఇంటికి పంపాల్సిందే. దానికి తోడు ఆ రోజుల్లో నెలలో ఎన్ని దినాలు బంద్ ఉంటుందో ఎవరికీ తెలియదు. బంద్ అంటే బడి మూత, బడి మూతపడ్డ రోజుకు మా యాజమాన్యం జీతం కోత పెట్టేది. ర్యాలీల్లో గొంతు బొంగురుపోయేదాకా జై తెలంగాణ అని అరిచినదాన్నే, ఇంటికొచ్చాక రేపు బంద్ లేకపోతే బాగుండునని అనుకున్నదాన్నీ నేనే. రెండూ నిజమే.

అట్లా మొదలైంది నా నూడుల్స్ కాపురం. చిన్న పొట్లం ఐదు రూపాయలకు దొరికేది. మొదటి వారం సరదాగానే ఉండింది, పట్నపు తిండి తింటున్నానని గొప్పగా కూడా అనిపించింది. తర్వాత పొట్లాన్ని రెండుగా విరిచి, సగం పొద్దున, సగం రాత్రి, గిన్నెడు నీళ్ళు ఎక్కువ పోసి చారులాగా తాగడం నేర్చుకున్నాను. మధ్యాహ్నం బడిలో మిగతా టీచర్లు డబ్బాలు విప్పుతుంటే పరీక్ష కాగితాలు దిద్దుతూ కూర్చునేదాన్ని. మా బడికి వెళ్ళే దారిలో ఉద్యమం టెంటు ఉండేది, రిలే నిరాహార దీక్షకు రోజుకో సంఘం వాళ్ళు దండలు వేసుకుని కూర్చునేవారు, సాయంత్రం ఎవరో పెద్దమనిషి వచ్చి నిమ్మరసం తాగించేవాడు. నా దీక్షకు టెంటూ లేదు, నిమ్మరసమూ లేదని నాలో నేనే నవ్వుకునేదాన్ని. నవ్వు వచ్చినంత కాలం పర్వాలేదు.

నేనుండే గది ఒక మేడ మీద. కింద ఇంటివాళ్ళు ఉండేవారు. ఆయన దర్జీ, ఆమెను వీధంతా ఖాలా, అంటే పిన్నమ్మ, అనే పిలిచేది, నేనూ అంతే. తెలుగూ ఉర్దూ కలగలిపి గలగలా మాట్లాడే మనిషి, చేయి ఊరుకునేది కాదు, ఇంట్లో ఏది వండినా ఒక స్టీలు గిన్నెలో వేసి మెట్లెక్కి వచ్చేది. సొరకాయ వేసిన కద్దూ కా దాల్చా, బగారా అన్నం, ఒక్కోసారి ఒట్టి టమాటా తొక్కు పచ్చడి. ఇక్కడే వచ్చింది చిక్కు. మా అమ్మ మమ్మల్ని పెంచిన తీరులో, ఇరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపడమంత తలవంపు మరొకటి లేదు. ఏదో ఒకటి వేయాలి, పిడికెడు పప్పో, రెండు కాకరకాయలో, ఏమీ లేకపోతే బెల్లం ముక్కో. నేను ముందు చక్కెర వేసి ఇచ్చాను, ఆ తర్వాత ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండు, ఆ తర్వాత నాలుగు ఎండు మిరపకాయలు. అవీ అయిపోయాయి. ఒక గిన్నె నా గదిలో తొమ్మిది రోజులు కడిగి బోర్లించి ఉండిపోయింది. ఖాలా అడగలేదు, ఇంకో గిన్నెలో కూర తెచ్చింది. రెండు గిన్నెలూ పక్కపక్కన బోర్లించి, వాటికి వీపు తిప్పి పడుకున్నాను.

ఇంతలో రంజాన్ వచ్చింది. రోజూ సాయంత్రం ఇఫ్తారు వేళకు నా పేరుతో ఒక పళ్ళెం తీసేవారు. ఆ నెలలోనే మనకు శ్రావణం కూడా పడింది గనుక మాంసం తినడం లేదని తప్పించుకున్నాను. అయితేనేం, ఖాలా పండ్లూ పెసర గుగ్గిళ్ళూ తానే పట్టుకొచ్చింది. ఇక ఏం చెప్పాలో తోచక, ఆ క్షణానికి నోటికొచ్చింది చెప్పేశాను. నాయన లేచి నడిచేదాకా నా చేతి వంట తప్ప ఇంకొకరి చేతి వంట ముట్టనని కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నానన్నాను. మొక్కూ లేదు, అంజన్నా లేడు. గిన్నెలో వేయడానికి ఏమీ లేదని చెప్పడం కన్నా దేవుడి మీద అబద్ధం చెప్పడమే ఆ రోజు తేలికనిపించింది.

ఖాలా చేతిలోని పళ్ళెం గోడ మీద పెట్టి, రెండు చేతులూ పైకెత్తి ఏదో గొణుక్కుని, నా తల నిమిరింది.

"నాయన మీద గింత పావురం, గింత ప్రేమ ఉన్న బిడ్డవు, నీ మొక్కు నేనెందుకు చెడగొడత? అల్లా ఆయన కాళ్ళల్ల బలమిస్తడు."

ఆ రోజు నుంచి గిన్నె రాలేదు. వెళ్ళి నిజం చెప్పేద్దామని నాలుగుసార్లు మెట్లు దిగి నాలుగుసార్లు తిరిగి ఎక్కాను. ఆకలి మాత్రం రెట్టింపైంది.

ఆపైన సకల జనుల సమ్మె. బళ్ళు మూతపడ్డాయి, ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి, కోరుట్ల మీదుగా రుద్రంగికి వెళ్ళాలంటే ఆటోలు మారిమారి పోవాలి, ఆ కిరాయికి నా దగ్గర పైసలు లేవు. ఇంటికి పోయినా అక్కడ ఇంకొక కంచం భారమే. అప్పుడొకరోజు మా వీధి దగ్గరి పెద్ద రోడ్డు మీద వంటా వార్పు పెట్టారు. మీకు గుర్తుండే ఉంటుంది, రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, పెద్ద గంజుల్లో అన్నమూ సాంబారూ వండి, కులం మతం లేకుండా అందరూ తారు మీద బారుగా కూర్చుని తినేవారు. ఆ వాసనకు నేను గదిలో ఉండలేక పరుగున దిగాను. నిజం చెబుతున్నాను, ఆ రోజు నేను వెళ్ళింది తెలంగాణ కోసం కాదు, అన్నం కోసం. విస్తరి ముందు కూర్చున్నాను. మా బడి టీచరొకామె గరిటెతో అన్నం తీసింది. అంతలో వెనక నుంచి, ఉల్లిగడ్డలు కోస్తున్న చోటి నుంచి, ఖాలా గొంతు వినబడింది.

"అమ్మా, గా బిడ్డకు పెట్టకుండ్రి! నాయన నడిచేదాంక తన చేతి వంటే తింటదట. మర్చిపోయి కూసున్నది, పాపం."

చుట్టూ ఉన్నవాళ్ళందరూ నన్ను దేవతను చూసినట్టు చూశారు. ఎవరో ముసలాయన దండం కూడా పెట్టాడు. ఖాలా ముఖంలో నా మొక్కును కాపాడానన్న సంతోషం. నేను లేచి నవ్వుతూ గదికి వచ్చి, తలుపు గడియ పెట్టుకుని, సగం పొట్లం నీళ్ళలో వేసుకుని ఏడ్చాను. వచ్చిన కోపం ఆమె మీద కాదు, అయినా ఆమెను తిట్టుకున్నాను.

నాలుగైదు రోజులకే జ్వరం పట్టుకుంది. రెండు రోజులు పైనుంచి అలికిడి లేకపోయేసరికి ఖాలా వచ్చింది. నా డబ్బాలన్నీ మూతలు తీసి చూసింది. పొట్లాలు తప్ప ఏమీ లేవు. గీ వానపాముల లెక్క సేమియా తిని మొక్కు తీర్చుకుంటున్నవా బిడ్డా అని నెత్తి కొట్టుకుంది. కిందికి పోయి ఓణీ కొంగులో బియ్యం పోసుకొచ్చింది, పచ్చి బియ్యమైతే వంట కాదు గదా అని. నా పొయ్యి మీదే జావకు నీళ్ళు పెట్టింది. నన్ను మంచం మీంచి లేపి, తన భుజానికి ఆనించుకుని, గరిటె నా చేతిలో పెట్టి, పైనుంచి తన చేత్తో పట్టుకుని జావ ఉడికేదాకా కలిపించింది.

"నీ చెయ్యే కలిపింది, నేను పట్టుకున్న గంతే. మొక్కు చెడలే. తాగు."

తాగాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆమె భుజం మీద తల పెట్టుకుని ఉన్నాను, గదిలో ఇంకెవరూ లేరు, చెబితే ఒక మొట్టికాయ వేసి నవ్వి ఊరుకునేది. చెప్పలేదు. ఇంత దూరం వచ్చాక చెబితే నన్ను అబద్ధాలకోరని అనుకుంటుందని భయపడ్డాను. లేమిని దాచడానికి ఒక అబద్ధం, దాన్ని దాచడానికి మౌనం.

సమ్మె ముగిసిన కొద్ది నెలలకు సిరిసిల్లలో కాస్త మెరుగైన జీతంతో పని దొరికి గది ఖాళీ చేశాను. నాయన నడిచినంక రా, నా చేతి బగారా తినాలె అని ఖాలా మాట తీసుకుంది. మరుసటి ఉగాదికి నాయన కర్ర పట్టుకుని వాకిలి దాటాడు, దసరాకల్లా చాయ హోటలు దాకా పోయి దోస్తులతో పంచాయితీలు పెట్టుకునేంతగా తేరుకున్నాడు. వెళ్ళాలి, చెప్పాలి అనుకున్నాను. వెళితే ఆ బగారా తినాలి, తింటే నిజం చెప్పకుండా ఉండలేను. వచ్చే నెల వెళదాం, వచ్చే రంజాన్‌కు వెళదాం అనుకుంటుండగా పెళ్ళయింది, కోరుట్ల వచ్చాను, పిల్లలు పుట్టారు, తెలంగాణ వచ్చింది. కోరుట్ల నుంచి జగిత్యాల ఎంత దూరమని? గంట కూడా పట్టదు.

కరోనా తగ్గిన తర్వాత ఒక పెళ్ళికి జగిత్యాల వెళ్ళినప్పుడు ధైర్యం చేసి ఆ వీధికి పోయాను. తలుపు తీసింది కోడలు. ఖాలా కరోనా రెండో ఏడు పోయిందట. నేను ఫలానా అని చెప్పగానే ఆ పిల్ల నా చేయి పట్టుకుంది.

"రుద్రంగి బిడ్డవు నువ్వేనా అక్కా? అత్తమ్మ ఏటేటా రంజాన్ల అడిగేది, గా బిడ్డ ఇంక రాలేదా అని. రాలేదంటే, పాపం వాళ్ళ నాయన ఇంక లేవలేదేమో అనేది. నమాజైనంక ఆయన కాళ్ళ కోసం దువా చేసేది. ఇంతకు నడిచిండా అక్కా మీ నాయన?"

నడిచాడని చెప్పాను. ఎప్పుడని అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు మా వీధిలో ఎవరింటి నుంచీ ఎవరింటికీ గిన్నె పోవడం లేదు. ఏం కావాలన్నా ఫోన్లో నొక్కితే ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది, తిని పారేస్తాం, తిరిగి ఏం వేసి పంపాలన్న బెంగ లేదు. హాయే. నాలాంటి వాళ్ళు అబద్ధమాడే అవసరం కూడా లేదు. ఒకరి నాయన కాళ్ళ కోసం ఇంకొకరు మోకరిల్లే అవసరమూ లేదు.

నాయన ఇప్పటికీ బాగానే నడుస్తున్నాడు. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు వాకిట్లో అటూ ఇటూ పచార్లు చేస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఖాలా, ఆకలేస్తోంది అని నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నడుస్తున్న మనిషి నడవాలని ఆమె పదేళ్ళు దేవుణ్ణి అడుక్కుంటూ పోయింది.