వెనక నుంచి పిలిస్తే

మగ్గాల షెడ్డులో మాటలకు గొంతుతో పని లేదు. మరమగ్గాలన్నీ ఒక్కసారిగా దడదడలాడుతుంటే ఎవరి అరుపు ఎవరికి చేరుతుంది? అందుకే అక్కడి ఆడవాళ్లు పెదవులు కదిపి, చేతులు తిప్పి అత్తలను తిట్టుకుంటారు, సూపర్‌వైజరు నడకను వెక్కిరిస్తారు. వాళ్లలో ఒకామెకు ఆ విద్యలో సాటి లేరు. దాని చలవ వల్లే తన చెవులు పోతున్న సంగతి ఎవరికీ పొక్కకుండా నెట్టుకొచ్చింది. మొగుడికి కూడా.

మొగుడు అదే షెడ్డులో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. చెవుల్లో దూది పెట్టుకుంటామని ఆడవాళ్లు ఒకప్పుడు అడిగితే, "దారం తెగితే వినపడొద్దా?" అని యజమాని కసిరాడు. ఆయన గదికి మాత్రం చప్పుడు దూరకుండా రెండు వరసల అద్దాలు. చెవులు పోయాయని తేలితే పని కూడా పోతుందని షెడ్డులో అందరికీ తెలుసు.

కొత్త మోటార్లు బిగించడానికి షెడ్డు మూసినప్పుడు ఇద్దరూ సైకిళ్లేసుకుని సముద్రం చూడటానికి బయలుదేరారు. పెళ్లయిన కొత్తలో అనుకున్న ప్రయాణం. దారిలో ఒక ఊళ్లో సంగీతోత్సవం, అందులో ఫిడేలు కచేరీ ఉందని తెలిసి, ఆగాల్సిందేనని ఆమె పట్టుబట్టింది. చిన్నప్పుడు పక్కింట్లో ఫిడేలు మాస్టారుండేవాడు. గోడకు చెవి ఆనించి వింటూ నిద్రపోయేది. మళ్లీ ఫిడేలు వినపడితే చెవుల్లో ఇంకా కాస్త ప్రాణం ఉన్నట్టు. వినపడకపోతే? ఆ పై ఆలోచనను సాగనివ్వలేదు.

దారంతా మేస్త్రీ ముందు, ఆమె వెనక. అతని తల అప్పుడప్పుడూ ఊగేది, ఏదో మాట్లాడుతున్నాడని తెలిసేది. వీపుకు పెదవులుండవు కదా! అన్నిటికీ "ఊఁ" కొట్టింది.

చెట్టు నీడన దిగాక ఆమె ముఖంలోకి చూస్తూ, "ఏమే, అలిగావా?" అన్నాడు.

"పొద్దుట్నుంచీ నీ వీపు చూసి చూసి మొహం మొత్తిందయ్యా."

"మొహం చూసినా మొత్తేదిలే!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఉత్సవ మైదానం వానకు బురదయింది. మొదట డ్రమ్ములవాళ్లు వాయించారు. ఆ దెబ్బలు పక్కటెముకల్లో మోగుతుంటే ఆమెకు ఆశ పుట్టింది. తర్వాత ఒక ముసలాయన ఫిడేలు పట్టుకుని వచ్చి, మైకు పక్కకు జరిపించాడు. జనం ఊపిరి బిగబట్టారు. కమాను పైకి వెళ్లింది, కిందికి వచ్చింది. ఆమె చెవుల్లో ఎప్పుడూ ఉండే మగ్గాల హోరు తప్ప ఇంకేమీ లేదు.

అయినా అలవాటు కొద్దీ ముందు వరసవాళ్ల తలలు ఊగినప్పుడు తనూ ఊపింది. అలా ఊపుతూ మొగుడి వైపు చూసింది. అతనూ ఊపుతున్నాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. కళ్లు ఫిడేలు మీద లేవు, ముందు కూర్చున్నాయన బట్టతల మీద ఉన్నాయి.

ఆ ఎత్తుగడ తనదే. చూడగానే పోల్చుకుంది. భుజం తట్టి, షెడ్డులో లాగా పెదవులతో అడిగింది. "ఎలా ఉంది?"

"అబ్బ, ప్రాణం లేచొచ్చిందనుకో!"

"నాతోనా అబద్ధం? ఆ బట్టతలను చూసి ఊపుతున్నావు."

మేస్త్రీ ముఖం మాడిపోయింది. పెదవులు మాత్రం కదిపి అడిగాడు. "నీకూనా?"

తలూపింది.

"మరి వెనకొచ్చే లారీలు? నువ్వు విని చెబుతావనే కదా నేను ముందు తొక్కుతున్నాను!"

"నువ్వు వింటున్నావనే నేను నిశ్చింతగా ఉన్నానయ్యా."

చుట్టూ జనం లేచి చప్పట్లు కొట్టారు. వాళ్లిద్దరూ కూర్చునే ఉన్నారు.

సముద్రం దాకా వెళ్లలేదు. మర్నాడు వెనక్కి తిరిగారు. ఇద్దరూ మాటిమాటికీ తల తిప్పి చూస్తూ, రోడ్డు అంచు వదలకుండా తొక్కారు. ఒకసారి లారీ గాలి ఈడ్చి కొట్టాక గానీ లారీ వచ్చిందని తెలియలేదు.

ఇల్లు చేరాక మేస్త్రీ ఆమె చేతులు పట్టుకున్నాడు. "ఎవరితోనూ అనకు. ఇద్దరినీ గెంటేస్తారు."

"మనిద్దరికేనా, ఇది?" అంది ఆమె.

షెడ్డు తెరిచాక, మధ్యాహ్నం మగ్గాలు ఆపిన వేళ ఆడవాళ్లంతా తొట్టి దగ్గర వరసగా చేతులు కడుక్కుంటున్నారు. ఆమె వాళ్ల వెనక నిలబడి, ఇంట్లో మనిషిని పిలిచినట్టు మామూలుగా పిలిచింది.

"అక్కా!"

ఎవరూ కదల్లేదు. ఇంకాస్త గట్టిగా పిలిచింది. నిన్నగాక మొన్న పనిలో చేరినామె ఒక్కతే తిరిగి చూసి, "ఎవర్నక్కా పిలుస్తున్నావు?" అంది.