గ్రాంటు కాగితంలో నా మీద ఒక వాక్యం

మా ప్రొద్దుటూరు పక్కకు పోలీసు వైర్‌లెస్ ఎందుకొచ్చిందని ఎవరినైనా అడగండి, ఇప్పటికీ ఒకటే కథ చెబుతారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఒక ఆడపిల్ల ఉండేదట. పోలీసుల మాటలు చాటుగా వినేదట. వాళ్ళు ఏ పల్లె మీదికి పోతారో ఆ పల్లెకు ముందే కబురు పంపేదట. ఆమెతో వేగలేక సర్కారు గ్రాంటు ఇచ్చి వైర్‌లెస్ పెట్టించిందట. ఈ కథ నేను బస్సులో విన్నాను, పెళ్ళి పంక్తిలో విన్నాను. చివరికి నాతో కలిసి చదువుకున్న స్నేహితురాలి ఇంట్లో, ఆమె మరిది నోట కూడా విన్నాను. నేనెవరో ఆయనకు తెలియదు. అన్నం కలుపుకుంటూ నింపాదిగా చెప్పాడు. అంతా విన్నాక, "ఆ ఆడపిల్లను నేనేనండీ, ఇంకొంచెం చారు పోయమంటారా?" అన్నాను. పాపం, ఆ పూట ఆయన సరిగ్గా తినలేదు.

కథలో ఒక ముక్క నిజమని ముందే ఒప్పుకుంటాను. పోలీసుల మాటలు నేను విన్నాను. చాటుగా కాదు, వాళ్ళు వినమంటేనే విన్నాను.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో అనంతపురంలో బి.ఎ. ముగించి వచ్చి, ప్రొద్దుటూరు ఎక్స్ఛేంజిలో పగటి డ్యూటీకి చేరాను. మిగిలినవాళ్ళంతా మగవాళ్ళు. బోర్డు మీద నంబరు రేకు పడగానే తీగ గుచ్చి, ఎవరు కావాలో అడిగి, హ్యాండిల్ తిప్పి కలపాలి. దూది వ్యాపారులు, బంగారం అంగళ్ళవాళ్ళు, నూనె మిల్లులవాళ్ళు, వీళ్ళందరి మధ్య పోలీసువాళ్ళు. జమ్మలమడుగు లైను, పులివెందుల లైను రెండూ మా బోర్డు మీదుగానే పోయేవి. గాలి లేస్తే తీగలు ఊగి మాట తెగిపోయేది. అప్పుడు పోలీసు ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరుగారే అడిగేవారు: "ఏమ్మా, వాడికి నా గొంతు అందడం లేదు. నీ గొంతు బాగుంటుంది, కాస్త నువ్వు చెప్పు."

నేను చెప్పేదాన్ని. ఆయన ఒక్కో మాటా అంటుంటే, దాన్నే నేను అవతలివాళ్ళకు అప్పజెప్పేదాన్ని. ఎందరు మనుషులు, ఏ బండి, ఏ దారి, ఏ పల్లె, అంతా నా నోటి మీదుగానే పోయేది. ఆ పూట నా గొంతు వాళ్ళకు సర్కారు ఆస్తి. తరువాత అదే గొంతు దొంగ గొంతయింది.

మరి పల్లెలకు ముందే ఎట్లా తెలిసేది? మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది, ఒక్క పోలీసులకు తప్ప. వర్గాల కొట్లాటల్లో ఆయుధాలు వెదకడానికి పల్లెల్లో సోదాకు పోయే ముందురోజు మధ్యాహ్నమే బస్టాండు దగ్గరి హోటల్లో చిత్రాన్నం పొట్లాలకు ఆర్డరిచ్చేవాళ్ళు. కొండల్లో తిండి దొరకదు కదా, పాపం వాళ్ళదీ కడుపే. కానీ ఆ ఆర్డరు ఇవ్వడానికి టోపీతో సహా కానిస్టేబులే వచ్చేవాడు. అరటాకులు చాలక పక్క వీధికి మనిషి పరిగెత్తేవాడు. ఒకసారి నేను కాఫీ తెప్పించుకోవడానికి నిలబడి ఉండగా, జమ్మలమడుగు బస్సు కండక్టరు గల్లాపెట్టె దగ్గర ఆగాడు.

"ఏంది మామా, నిమ్మకాయలు శానా కోస్తాండారు?"

"నలభై పొట్లాలప్పా రేపటికి."

"నలభైయ్యా? అయితే ఈసారి ఏటి అవతలికే పోతాండారు. యాభై అయితే పులివెందుల పక్క."

హోటలాయన నవ్వాడు. కండక్టరు విజిలేసి బస్సెక్కాడు. ఆ బస్సు దారిలో ఎన్ని పల్లెల్లో ఆగుతుందో లెక్క వేసుకోండి. మరునాడు పోలీసులు పోయేసరికి ఊళ్ళో ముసలివాళ్ళు, మేకలు మాత్రమే ఉండేవి.

ఇక అసలు సంగతికి వస్తాను.

కొండాపురం పక్క ఒక పల్లెలో మా మేనత్త ఉండేది. మా అమ్మ పోయాక నాకు జడ వేసి, చీర కట్టడం నేర్పింది ఆమె. నేను కాలేజీకి పోతానంటే మా నాన్నతో పోట్లాడి పంపించిందీ ఆమే. ఆమె కొడుక్కూ నాకూ పెళ్ళి మాట ఒకటి ఇళ్ళల్లో నడుస్తుండేది. ఆ ఊళ్ళో రెండు వర్గాలు. మావాళ్ళు ఏ వర్గమూ కాదని అత్త అనేది. కానీ ఆ రోజుల్లో ఏ వర్గమూ కాని ఇల్లు ఉండాలంటే అది ఊరి బయట ఉండాలి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పోలీసు ఆఫీసు నుంచి జమ్మలమడుగుకు అర్జెంటు కాల్ వచ్చింది. గాలి జోరుగా ఉంది. ఎప్పటిలాగే "నువ్వు చెప్పమ్మా" అన్నారు. చెబుతూ పోయాను. తెల్లవారుజామునే సోదా. మనుషులు కడప నుంచి నేరుగా వస్తారు. పల్లె పేరు. ఆ పేరు మా అత్త వాళ్ళ ఊరిది. అవతలాయనకు వినబడలేదు. "ఏ ఊరు? మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను.

డ్యూటీ దిగేటప్పటికి కొండాపురం పోయే ఆఖరి బస్సు ఇంకా స్టాండులోనే ఉంది. ఒక చీటీ రాసి కండక్టరు చేతికిస్తే చాలు. నేను ఇవ్వలేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు రహస్యం కాపాడతానని సంతకం పెట్టినందుకు ఇవ్వలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉండింది, దాన్ని దాచుకోవలసిన పని నాకు లేదు. బస్సు కదిలిపోయాక ఇంటికి పోయాను.

ఆ రోజు హోటలు మూసి ఉండింది. హోటలాయన ఇంటిల్లిపాదితో బ్రహ్మంగారిమఠం ఆరాధనకు పోయాడు. చిత్రాన్నం లేదు, అరటాకులు లేవు, కండక్టరుకు చెప్పుకోవడానికి వార్త లేదు. తెల్లవారేసరికి ఊరు ఊరంతా మంచాల మీదే దొరికింది. అత్త ఇంటి గడ్డివామిలో ఈటెలు దొరికాయన్నారు. అవి ఎవరు పెట్టారో నాకు తెలియదు. అత్త కొడుకును కడప జైలుకు తీసుకుపోయారు. కేసు కొట్టేసేదాకా అక్కడే ఉన్నాడు. ఆ ఏడు వాళ్ళ జొన్న చేలోనే రాలిపోయింది.

అత్త వారానికి మా ఇంటికొచ్చింది. కూర్చోలేదు. నీళ్ళిస్తే తాగలేదు.

"ఏమ్మే, పోలీసోళ్ళ మాటలన్నీ నీ చెవిలోనే పడతాయంట గదా. ఇది నీకు తెల్సునా, తెల్దా?"

"తెలుసత్తా."

"ముందే తెల్సునా?"

"ఊరి పేరు జమ్మలమడుగుకు చెప్పింది నేనే."

"చదివిస్తే మంచి పనే నేర్చినావు" అని వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు. పెళ్ళి మాట అంతటితో ఆగిపోయింది. దానికి నేను ఏడవలేదు, అత్త కోసం ఏడ్చాను.

వైర్‌లెస్ కోసం పోలీసు ఆఫీసువాళ్ళు అంతకు ముందే ఒకసారి రాసుకున్నారు. తీగలు తెగుతున్నాయి, పెన్న వస్తే స్తంభాలు పడిపోతున్నాయి, కొండల్లో కబురు అందడం లేదు అని. అన్నీ నిజాలే. కర్నూలు నుంచి ఆ కాగితం "కారణం చాలదు" అని తిరిగొచ్చింది. తరువాత రాజధాని హైదరాబాదుకు పోయింది. కొత్త కొత్త యంత్రాలకు పోలీసులకు గ్రాంటు ఇస్తారని మాట వచ్చింది. మళ్ళీ రాశారు. ఈసారి కోస్తా నుంచి వచ్చిన కొత్త ఆఫీసరు రాశాడు. నిజాలు చాలలేదు కాబట్టి ఒక అబద్ధం కలిపాడు.

అది నాకు చెప్పింది ఆ ఆఫీసులోని టైపిస్టు సాయబు. మా వీధే. ఒక సాయంత్రం వాకిట్లో నిలబడి గొంతు తగ్గించాడు.

"పాపా, ఈ మాట నేను చెప్పినట్టు యాడా అనొద్దు. నీ మింద ఒక లైను కొట్టినాను ఈ పొద్దు."

"ఏం లైను మామా?"

ఆయన ఇంగ్లీషులో కంఠతా చెప్పాడు. తెలుగులో చెప్పాలంటే, 'ఎక్స్ఛేంజిలోని మహిళా ఆపరేటరు ద్వారా రహస్య సమాచారము గ్రామ వర్గములకు చేరుచున్నట్లు విశ్వసించుటకు కారణములు కలవు.'

"నువ్వెందుకు కొట్టినావు మామా?"

"కొట్టకపోతే ఇంగొకడు కొడ్తాడు. తప్పుల్లేకుండా కొట్టినా, అంతే నేను చేసింది."

గ్రాంటు మంజూరయింది. ఆ నెలలోనే నన్ను బోర్డు మీంచి లేపి పులివెందుల పోస్టాఫీసులో స్టాంపుల కిటికీ దగ్గరికి పంపారు. మా పై అధికారిని ఆరోపణ ఏమిటో రాసివ్వమన్నాను. "ఆరోపణేమీ లేదమ్మా, పరిపాలనా సౌలభ్యం" అన్నాడు. ఎవరి సౌలభ్యమో అదైనా రాయమన్నాను. రాయలేదు. బదిలీ కాగితం మీద సంతకానికి ముందు 'కారణం తెలుపనందుకు నిరసనతో' అని రాసి ఇచ్చాను. నా పుట్టుకలో నేను రాసిన కవిత్వం అదొక్కటే.

పులివెందులలో పోలీసుల వైర్‌లెస్ గది మా కిటికీకి ఎదురుగానే. గెడకర్ర మీద తీగ కట్టి, సెట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. అందులో బొయ్యిమనే చప్పుడు తప్ప ఏమీ వినబడదు. కాబట్టి కానిస్టేబులు గొంతు చించుకుని అరిచేవాడు. "జమ్మలమడుగు, జమ్మలమడుగు, రేపు తెల్లార్తో రెండు వ్యాన్లు, వినపడతాందా?" జమ్మలమడుగుకు వినబడిందో లేదో కానీ టీ అంగడికి వినబడేది.

"నాకు వినపడిందప్పా," అని టీ అంగడాయన ఇక్కడి నుంచే జవాబిచ్చేవాడు. "వాళ్ళకు మళ్ళీ చెప్పు."

పల్లెలు మళ్ళీ ఖాళీగానే ఉండేవి. ఎవరూ వైర్‌లెస్‌ను బదిలీ చేయలేదు.

ఒకరోజు ఆ ఆఫీసరు తనిఖీకి వచ్చి, రిజిస్టరు చేయడానికి కవరుతో నా కిటికీ దగ్గరికే వచ్చాడు. కవరు తీసుకుని తూచాను. స్టాంపులు చింపుతూ అడిగాను. "గ్రాంటు కాగితంలో నా మీద వాక్యం మీరే రాశారా?"

ఆయన తడబడలేదు. "అదేవిటమ్మా, నీ పేరెక్కడా రాయలేదే."

"ఎక్స్ఛేంజిలో ఆడమనిషిని ఒక్కదాన్నే ఉంటే పేరెందుకు సార్?"

"చూడమ్మా, గట్టి కారణం లేకపోతే పైవాళ్ళు డబ్బివ్వరు. నీకు జీతం తగ్గలేదు, ఉద్యోగం పోలేదు. జిల్లాకు వైర్‌లెస్ వచ్చింది. ఎవరికేం నష్టం?"

అప్పుడు అత్త వాళ్ళ ఊరి పేరు చెప్పాను. ఆ సోదా సంగతి తెలుసా అన్నాను. తెలుసన్నాడు, బాగా జరిగిన సోదా అదొక్కటేనన్నాడు. ఆ కబురు జమ్మలమడుగుకు చేర్చింది నేనేనని, పట్టుబడినవాడు నా సొంత మేనత్త కొడుకని చెప్పాను. ఆయన కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "ఆ ఫైలు మూసేశామమ్మా" అని రసీదు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ గ్రాంటు ఫైలు ఆయన దగ్గర పుట్టి కడప పోయింది, హైదరాబాదు పోయింది. బల్ల బల్ల దగ్గరా ఎవరో ఒకరు చదివి సంతకం పెట్టారు. అత్త దృష్టిలో నేను చెప్పవలసింది చెప్పనిదాన్ని. సర్కారు దృష్టిలో చెప్పకూడనిది చెప్పినదాన్ని. ఈ రెండూ ఒకే మనిషి చేయగలదా? అత్త పోయింది, ఆమెను అడగలేను. సంతకాలు పెట్టినవాళ్ళలో బతికున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళనే అడుగుతున్నాను: పల్లెలన్నిటికీ కబురు పంపిన ఆడపిల్ల తన అత్తకు ఒక్కదానికే ఎందుకు పంపలేదని మీలో ఒక్కరికైనా అనుమానం రాలేదా?