మా గేదెకు నేను చేసిన వైద్యం

తొంభైల్లో మా నందివాడలో నలభై గేదెలకు వైద్యం చేశాను. సరే, నలభై కాదు, రెండే.

మా గేదెకు పొదుగువాపు వస్తే డాక్టరుగారు ఐదు రోజుల ఇంజెక్షన్లు రాశారు. రెండో రోజుకే వాపు తగ్గిందని ఆపేసి, మిగిలినవి అదే వాపుతో ఉన్న పక్కింటి సుబ్బారావు గేదెకిచ్చాను. పది రోజుల్లో మా గేదెకు వాపు తిరగబెట్టింది. ఈసారి మళ్లీ కొని వేయించినా ఆ మందు పనిచేయలేదు.

"మొత్తం వాడారా?" అన్నారు డాక్టరుగారు.

"ఒక్కటీ మిగల్లేదండీ!" అన్నాను.

అంతలో గోడ అవతలి నుంచి సుబ్బారావు అరిచాడు: "బావా, నువ్విచ్చిన మూడూ పొడిపించేశా. మా దానికీ తగ్గలా!"

డాక్టరుగారు తల పట్టుకున్నారు. "సగం మందుకు చావని క్రిములు మొండికేస్తాయండీ. ఇక ఆ మందుకు లొంగవు. ఓ చన్ను ఎండిపోయేలా ఉంది."

సిగ్గుతో చచ్చాను. కొత్త మందు మాత్రం ఐదు రోజులూ దగ్గరుండి వేయించి, పొదుగు కాపాడాను.

ఇది చదివి మా ఆవిడ అంది: "దగ్గరున్నది నేను. డాక్టరుగారు వచ్చినప్పుడల్లా మీరు గడ్డివాము వెనక నక్కారు."