మా బావగారి రెండు సీట్ల కారు

మా బావగారు ఆదిశేషు చేసిన ప్రయాణాలన్నీ చీకటి పడేలోగా ఇంటికి తిరిగొచ్చేసేవే. ఒరిస్సా రాయగడలో మాది కొండసరుకుల హోల్‌సేల్ వ్యాపారం. చింతపండు, పసుపు, నూనెకి ఆడించే ఒలిసెలు, కరక్కాయలు. నారాయణపట్న సంతకి ఒకరోజు, కకిరిగుమ్మ సంతకి ఒకరోజు. పొద్దున్నే జీపులో ఘాటీ, అంటే కొండదారి ఎక్కడం, సరుకు బేరమాడి బస్తాలు లారీకెత్తించడం, సాయంత్రానికి దిగి వచ్చేయడం. మామగారు పోయిన దగ్గర్నుంచీ, అంటే మీసాలు సరిగ్గా రాని వయసు నుంచీ ఆయన చేసింది ఇదే. నేను ఆయన తమ్ముడు సుందరరావుని చేసుకుని విజయనగరం నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఆయనకి నలభై దాటాయి. మాట తక్కువ మనిషి. పప్పులో ఉప్పు లేకపోయినా చెప్పేవారు కాదు. ఆయన భార్య సత్యభామక్క తర్వాత తను తినేటప్పుడు చూసుకుని నొచ్చుకునేది.

అలాంటి మనిషి 1994 చలికాలంలో కోరాపుట్ నుంచి ఒక కారుని లారీ మీద ఎక్కించుకుని తెచ్చారు. అక్కడెవరో పాత కాంట్రాక్టరు బంగళా అమ్మేసి కటక్ వెళ్లిపోతూ షెడ్డులో ఉన్నవన్నీ వదిలించుకున్నాడట. అందులో ఇదొకటి. ఇంగ్లండులో తయారైన ఎం.జి. కారు, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లోది. పొడుగాటి ముక్కు, తీగల చక్రాలు, పైకప్పుకి బదులు మడతపెట్టే కాన్వాసు గుడ్డ. ఆకుపచ్చ రంగని బావగారన్నారు గానీ ఆ రోజు మాకు కనిపించింది తుప్పూ, కోళ్ల రెట్టా.

మా అత్తగారు కోటేశ్వరమ్మ అరుగు మీంచి దిగి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇందులో ఎంతమంది కూకుంటారు?"

"ఇద్దరమ్మా."

"మరి మిగిలినోళ్లు?"

పిల్లలతో కలిపి మేం తొమ్మిదిమందిమి ఉన్న ఇల్లు అది.

కారుని గోదాంలో ఒక మూల బస్తాలు జరిపి పెట్టించారు. రేకు ఊడదీస్తే లోపలి చట్రమంతా చెక్కదని తేలింది, దాన్ని చెదలు తినేశాయి. వడ్రంగిని పెట్టి టేకుతో కొత్త చట్రం చేయించారు. ఇంజను సామాన్లు కలకత్తా నుంచి తెప్పించారు. సంత లేని రోజుల్లో మధ్యాహ్నం భోంచేసి అందరూ కునుకు తీస్తుంటే ఆయన అక్కడ కూర్చుని ఏదో ఒకటి తుడుస్తూ ఉండేవారు. మా ఆయన ఒకటి రెండుసార్లు, "దీని బదులు ట్రెక్కరు జీపు కొంటే బస్తాలేనా ఏసుకుందుం గదన్నియ్యా" అన్నారు. బావగారు నవ్వి మళ్లీ తుడవడంలో పడ్డారు. రెండేళ్లు పట్టింది అది బజారు దాకా వెళ్లి రావడానికి.

అది నడిచిన వారంలోనే గోదాం గోడకి ఇండియా మ్యాపు ఒకటి అంటించారు. ఆ సాయంత్రం టీ తీసుకెళ్లిన అక్కకి, నాకు వినబడేలాగే మా ఆయనతో అన్నారు:

"ద్వారక ఎల్దామనుకుంటన్నాను."

"రైల్లోనా?"

"బండిలో."

మాకు చింతపండు బ్రోకరొకాయన గుజరాత్ నుంచి వచ్చేవాడు. ద్వారక దగ్గర నేల అయిపోతుందనీ, ఆ తర్వాత ఎటు చూసినా నీళ్లేననీ అతను చెప్పాడట. "మన పక్క సముద్రం సూసేం గదా, ఆ పక్కది కూడా ఒకపాలి సూడాల. ఎక్కడా రైలెక్కకుండా, ఈ చివర్నించి ఆ చివరికి రోడ్డు మీదే ఎల్లాల" అన్నారు. కోరాపుట్, మన ఒరిస్సా జైపూర్, జగదల్‌పూర్, రాయపూర్, నాగపూర్... పటం మీద వేలు పెట్టి పడమటికి జరుపుకుంటూ పోయారు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మర్నాటి నుంచి లారీ డ్రైవర్లు సరుకు దింపుతుంటే నిలబెట్టి రోడ్ల సంగతి అడిగేవారు. ఏ ఘాటీలో మంచు దిగుతుంది, ఏ ఊరు దాటితే పెట్రోలు దొరకదు, ఎక్కడ లాడ్జీలో మంచినీళ్లు బాగుంటాయి.

మాఘమాసంలో బయల్దేరదామని అక్కతో చెప్పారు. పెళ్లయ్యి పాతికేళ్లవుతున్నా వాళ్లిద్దరే కలిసి ఎక్కడికీ వెళ్లింది లేదు. అన్నవరం వెళ్లినా, సింహాచలం వెళ్లినా ఇంటిల్లిపాదీ వ్యాన్లో. అక్క ఆ నెలంతా పొయ్యి దగ్గరే ఉంది. జంతికలు, సున్నుండలు, కందిపొడి, నూనె ఎక్కువ పోసి చింతకాయ పచ్చడి. పైకప్పు లేని బండి కదా, గాలికి జుట్టు రేగిపోతుందని నీలం రంగు ఊలు స్కార్ఫు కొనుక్కుంది. దాన్ని కట్టుకుని వంటింట్లో నాకు చూపించి, సిగ్గేసి తీసేసింది.

బయల్దేరడానికి వారం ఉందనగా అత్తగారు నోరు విప్పింది.

"ద్వారకంటే కిట్టుడి ఊరు. తల్లినొగ్గేసి పెళ్లాన్ని తీసుకెల్తావేటి నాయనా?"

బావగారి కంటే ముందు అక్కే తేరుకుని, "అత్తయ్యనే తీసుకెల్లండి" అంది. అత్తగారు ఆ మర్నాడే కారు ఎక్కి చూస్తానంది. ఆ సీటు నేలకి జానెడెత్తున ఉంటుంది, కాళ్లు ముందుకి చాపుకుని కూర్చోవాలి. ఆవిడ మోకాళ్లు వంగవు. ఎలాగో ఎక్కింది గానీ దిగలేకపోయింది. మా ఆయనా, బస్తాలు మోసే కళాసీ ఒకడూ చెరో రెక్కా పట్టుకుని పైకి లాగారు.

"ఇది బండి కాదు, గొయ్యి" అందావిడ చీర సర్దుకుంటూ. మళ్లీ తనే, "నేనెల్లలేకపోతే ఏటయింది, మీరు ఎల్లి రండి" అంది. అనేసి లోపలికెళ్లి పడుకుంది. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ ఏడాది ప్రయాణం ఆగిపోయింది.

మరుసటేడు వాళ్లమ్మాయి లక్ష్మీదుర్గ పెళ్లి కుదిరింది. ఆ పైఏడు గేర్లు పడలేదు, కలకత్తా నుంచి సామాను వచ్చేసరికి ఎండలు ముదిరిపోయాయి. ఇంకో ఏడాది అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ప్రతిసారీ సంక్రాంతి వెళ్లగానే బావగారు గోదాంలోకి వెళ్లి మ్యాపు ముందు నిలబడేవారు. ఆయన అలా నిలబడ్డారని తెలియగానే అక్క మినప్పప్పు వేయించేది. డబ్బాలు నిండేవి, అటక ఎక్కేవి. ఉగాది దాకా చూసి, ఇక కదలడం లేదని తేలాక దింపేవాళ్లం. పిల్లలు వాటికి ద్వారక జంతికలని పేరు పెట్టారు. అక్క మంచం పట్టిన అత్తగారికి నీళ్లు పోసి, బట్టలు మార్చి, మధ్యలో వచ్చి పిండి కలిపేది. ఆ పిండి కలుపుతూనే ఒకసారి గోడకి తలానించి నిద్రపోవడం చూశాను. నేను పళ్లెం లాక్కుంటే కళ్లు తెరిచి, "ఎంతసేపయింది నీలా?" అని కంగారుపడింది. ఎంతోసేపు కాలేదు.

అత్తగారు 2001లో పోయారు. ఏడూడి అయ్యే దాకా బావగారు ప్రయాణం ఊసెత్తలేదు. ఆ పైఏడు మాఘం ముందర, ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అక్క చేటలో బియ్యం పెట్టుకుని రాళ్లేరుతోంది. నేను పక్కనే ఉన్నాను, లేచి వెళ్లబోతే అక్క నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇంకేటీ అడ్డం లేదు. ఈ మాఘంలో ఎలిపోదాం" అన్నారు బావగారు.

"మీరెల్లండి. నేను రాను."

"కోపమొచ్చిందా?"

"కోపం కాదండి." అక్క చేట కింద పెట్టలేదు, ఏరుతూనే మాట్లాడింది. "ఏటేటా ఎల్తానే ఉన్నాను నేను. వండడం, సర్దడం, మళ్లీ దింపడం. మీకు గోడ మీద పటం ఉన్నాది, ఏలెట్టుకుని ఎల్లి వచ్చేస్తారు. నాకు ఈ పొయ్యి దగ్గరే అయిపోయింది ద్వారక. అలిసిపోయేనండి."

"బండిలో కూకోడమే గదా. నువ్వు సెయ్యాల్సిన పనేటీ ఉండదు."

"కూకోడానిక్కూడా ఓపిక లేదు."

ఆయన చెప్పుల చప్పుడు గోదాం వైపు వెళ్లింది. "ఎందుకక్కా అంత మాటన్నావు?" అన్నాను. "ఉన్న మాటే గదమ్మీ" అంది.

బావగారు ఒక్కరే బయల్దేరారు. కాఫీ తాగి, పక్క సీట్లో బట్టల సంచీ పెట్టుకుని, ఎవరికీ పెద్దగా చెప్పకుండా వెళ్లారు. అక్క గుమ్మం దాకా వచ్చి, బండి మలుపు తిరిగే దాకా ఉండి లోపలికెళ్లింది. ఆ సాయంత్రం జగదల్‌పూర్ నుంచి ఫోన్ చేశారు. క్షేమంగా చేరాననీ, లాడ్జీ బాగుందనీ చెప్పారు. మర్నాడు మళ్లీ ఫోను. ఎక్కడి నుంచి అంటే జగదల్‌పూరే. ఆ మర్నాడూ అంతే. ఫోను నేనే తీశాను.

"బండి పాడయిందా బావగారూ?"

"లేదమ్మా, బాగానే ఉన్నాది."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నాను."

అక్క నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "మరేటి?" అంది. "సాయంత్రమయ్యేసరికి ఇంటికొచ్చేయాలనిపిస్తన్నాది. పొద్దున్న బయల్దేరదామనుకుంటాను, కాళ్లు రావడం లేదు" అన్నారట.

"వచ్చేయండి" అంది అక్క.

మర్నాటికి వచ్చేశారు. మా ఆయన వెళ్లి గోదాం తలుపులు తీసి పట్టుకున్నారు. బావగారు బండి లోపల పెట్టి, స్నానం చేసి, కొట్లో కూర్చుని వచ్చిన బేరం చూసుకున్నారు. అంతవరకు ఆయన ముఖంలో ముసలితనం కనబడేది కాదు. ఆ నెలలో కనబడింది.

ఆ తర్వాత షుగరు బయటపడింది. ఒక కంట్లో శుక్లం ముదిరింది. ఎదురుగా లైట్లు వస్తే దారి కనిపించడం లేదని ఆయనే ఒప్పుకున్నారు. కోరాపుట్ వైపు దామంజోడి అల్యూమినియం ఫ్యాక్టరీలో ఒక ఇంజనీరుకి పాత కార్ల పిచ్చి. ఎవరో చెప్పగా రాయగడ వచ్చి కారు చూసి, బానెట్ ఎత్తి గంటసేపు కబుర్లు చెప్పి వెళ్లాడు. బావగారు ఇచ్చేస్తానన్నారు. లారీ పంపిస్తానంటే వద్దని, తనే తెచ్చి ఇస్తానన్నారు.

2004, దసరా వెళ్లిన వారం. పొద్దున్నే కారు బయట పెట్టి అద్దం తుడుస్తుంటే అక్క లోపల్నుంచి చేతిసంచీతో వచ్చింది. జరీ అంచు చీర కూడా కాదు, మామూలు నేత చీరే.

"ఎక్కడికి?" అన్నారు బావగారు.

"నేనూ వస్తాను. తిరిగి రైల్లో ఒక్కరూ ఏటొస్తారు."

దారికి ఏమీ వండలేదు. నేను ఇడ్లీలు కట్టిస్తానంటే వద్దంది. చీర కుచ్చిళ్లు పట్టుకుని, కాళ్లు లోపలికి చాపుకుని, ఆ సీట్లో దిగబడి కూర్చుంది. తలుపు వేసింది బావగారే.

ఆ తర్వాత జరిగింది ఇద్దరూ చెప్పగా విన్నదే. ఊరు దాటి ఘాటీ మొదలవగానే అక్క నిద్రపోయింది. బావగారు ఏదో చూపిద్దామని తిరిగి చూసేసరికి తల ఒక పక్కకి వాలిపోయి ఉందట. మలుపుల్లో ఆ తల అటూ ఇటూ ఊగుతుంటే ఒకచోట ఆపి, తన పైపంచె మడిచి మెడ కింద పెట్టారు. లేవలేదు. గోతులు చూసుకుంటూ, ఎడ్లబండి వెనకాల వెళ్లినట్టు వెళ్లారట. వెనక బస్సువాళ్లు హారను కొడితే చెయ్యి ఊపి ముందుకి పొమ్మన్నారు. లక్ష్మీపురం దాటినా లేవలేదు. కకిరిగుమ్మలో ఆపి, దిగి, బండి పక్కనే నిలబడి టీ తాగారు. సంత రోజు. తెలిసిన షావుకార్లు, సరుకు తెచ్చిన ఆడవాళ్లు చుట్టూ మూగి, ఏం బండి ఇది, ఎక్కడికి వెళ్తున్నారని కొండవాళ్ల దేశియా భాషలో అడగబోతే ఆయన నోటి మీద వేలు పెట్టి, నిద్రపోతున్న మనిషిని చూపించారట. వాళ్లు గొంతు తగ్గించేశారు.

దామంజోడి కాలనీ గేటు దగ్గర సెక్యూరిటీ అతను పేరూ ఊరూ అడుగుతుంటే అక్కకి మెలకువ వచ్చింది.

"వచ్చేసేమా?"

"వచ్చేసేం."

"లేపలేదేటండీ మరి?"

"ఎందుకూ లేపడం" అన్నారు బావగారు.

ఆ ఇంజనీరు భార్య కాఫీ ఇచ్చింది, భోంచేసి వెళ్లమంది. ఇంజనీరు తాళం తీసుకుని స్టార్ట్ చేసి, పిల్లాడిలా సంబరపడి, కాలనీలో ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. బావగారు మెట్ల మీద నిలబడి చూశారు. చోకు ఎంత లాగాలో, చలికాలం ఎంతసేపు ఆగాలో మాత్రం చెప్పారు. అక్క, "రైలు టైమవుతాది" అంటే వెంటనే కదిలారు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. రోడ్డు కొన్నిచోట్ల పట్టాల పక్కకి వచ్చి మళ్లీ కొండల్లోకి పోతుంది. అది కనబడినప్పుడల్లా బావగారు చూపించి, ఇక్కడ గేదెలు అడ్డం వచ్చాయి, ఇక్కడ పువ్వు విచ్చిన ఒలిసెల చేను పసుపు ఆరబోసినట్టుంది, నువ్వు చూడలేదు అని చెబుతూ వచ్చారట. సొరంగం వచ్చినప్పుడు ఆగి, బయటికి రాగానే మళ్లీ మొదలుపెట్టేవారట. "ఆయనలా మాటాడతారని నాకు తెలీదమ్మీ. ఇనుకుంటూ కూకున్నాను" అంది అక్క.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టేశాం. అక్క కాళ్లు కడుక్కుని అలవాటుగా వంటింట్లోకి నడిచింది. వంట నేను చేసేశాను, వంకాయ కూరా చారూ. గిన్నెల మీద మూతలు చూసి ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడింది. భుజం పట్టుకుని తీసుకొచ్చి బావగారి పక్కన పీట వేసి కూర్చోబెట్టాను. "తర్వాత తింటాన్లే నీలా" అంటూనే కూర్చుంది. ఇద్దరికీ వడ్డించాను. బావగారు రెండు ముద్దలు తిని, కూరలో ఉప్పు కాస్త తక్కువైందన్నారు.