పోలమ్మ పంచదార

మధురవాడలో మా అపార్ట్‌మెంట్ కింది కిరాణా కొట్టులో మొన్న ప్లాస్టిక్ సంచులు అయిపోయాయి. కొట్టతను పంచదారను పాత పేపరులో పొట్లం కట్టి ఇచ్చాడు. లిఫ్టులో అది నా అరచేతిలో గరగరలాడింది. అంతే, ఓడరేవు పక్క వీధిలోని చిన్న దర్గా, సాంబ్రాణి పొగ, ఆ పొగలో కళ్ళు నులుముకునే హజ్రత్ గుర్తొచ్చారు.

దర్గాను చూసుకునే ఆ పెద్దాయనను మేమంతా హజ్రత్ అనేవాళ్ళం. పోర్టులో గుమాస్తాగా చేరిన కొత్తలో, డ్యూటీ దిగాక ఆయన దగ్గర ఖురాన్ అర్థంతో సహా చదువుకునేవాణ్ణి. జాలారిపేట ఆడవాళ్ళు సముద్రం మీద వేటకెళ్ళే మగవాళ్ళ క్షేమం కోరి, పోయినవాళ్ళను తలచుకుని పంచదార పొట్లాలు తెచ్చేవారు. హజ్రత్ దాని మీద ఖురాన్ మొదటి అధ్యాయమైన ఫాతిహా చదివి, చిటికెడు తాను నోట్లో వేసుకుని మిగతాది వాళ్ళకే ఇచ్చేవారు. "షుగరున్న మనిషికి ఇన్ని మొక్కులేమిటమ్మా, నన్ను చంపుతారా?" అని నవ్వించేవారు.

ఒకరోజు ఆయన కంటి ఆపరేషనుకు వెళ్తూ దర్గాలో నన్ను కూర్చోబెట్టారు. జాలారిపేట నుంచి పోలమ్మ అనే ఆమె వచ్చింది. తుఫానులో ఆమె భర్త పడవ తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు.

"మా ఆయన పేరున సదువు బాబూ," అని పొట్లం నా ముందు పెట్టింది.

ఇస్లాం కాక మరో ధర్మాన్ని కోరుకుంటే అది స్వీకరించబడదన్న వాక్యం నేను ఆ వారమే నేర్చుకున్నాను. కొత్తగా నేర్చినవాడి గర్వం నాది. "మీ ఆయన మా మతం కాదు కదమ్మా, ఇది ఆయనకు చెల్లదు. అక్కడ ఆయనకు దారి లేదు," అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. "దారి నేదా? ఏ గాలిలోనైనా దారి కనుక్కొచ్చినోడు బాబూ అతను. నువ్వెల్లి సూసొచ్చేవేటి అక్కడ?" పొట్లాన్ని కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కంటికి కట్టుతో వచ్చిన హజ్రత్‌కు, మెచ్చుకుంటారనుకుని, జరిగింది చెప్పాను. ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"నువ్వన్న వాక్యం ఉంది. యూదులైనా, క్రైస్తవులైనా, దేవుణ్ణీ తీర్పు దినాన్నీ నమ్మి మంచి చేసినవాళ్ళకు భయం లేదన్న వాక్యమూ అందులోనే ఉంది. పెద్ద పెద్ద ఆలిమ్‌లు, మత పండితులే వీటి మీద ఒక్క మాటకు రాలేదు. నేనైతే మొదటిది చదివి నా గురించి భయపడతాను, రెండోది చదివి పక్కవాడి గురించి ఆశపడతాను. సరే, ఐగుప్తు రాజు ఫిరౌను మూసా ప్రవక్తను ఏమడిగాడు?"

"ముందు గడిచిపోయిన తరాల గతి ఏమిటని."

"మూసా ఏమన్నారు?"

"వాళ్ళ సంగతి నా ప్రభువుకు తెలుసు అన్నారు."

"అంత పెద్ద ప్రవక్త అక్కడ ఆగారు. నువ్వు ఆగలేకపోయావు బేటా. వాళ్ళింటికెళ్ళు. ఆమె పెట్టింది తిను. ఫాతిహా చదివి రా."

నేను వెళ్ళలేదు. ప్రతి శుక్రవారం మసీదులో నమాజు కాగానే ఆయన "వెళ్ళావా?" అనేవారు. "ఈ వారం షిప్పులెక్కువ హజ్రత్" అనేవాణ్ణి. మొదట్లో సిగ్గు. తర్వాత విసుగు. చివరికి ఆయన కంట పడకుండా పక్క గుమ్మం నుంచి జారుకోవడం కూడా నేర్చాను. అలా జారుకుంటున్న రోజుల్లోనే, ఒక ముసురు పట్టిన ఉదయం, హజ్రత్ పోయారు.

ఆయన పేరున మూడో రోజు ఫాతిహా అయ్యాక జాలారిపేట వెళ్ళాను. పోలమ్మ చేపలు ఎండబెడుతోంది. నన్ను గుర్తుపట్టింది.

"ఆ పంచదారా? మర్నాడే తాతొచ్చేడు బాబూ, కంటికి కట్టుతో, కర్రట్టుకుని. ఇసకలో కూకోని సదివేడు. నాను సముద్రంలో కలిపేసినాను. మా ఆయనున్నది అక్కడే కదేటి?"

ఫాతిహా ఎప్పుడో అయిపోయిందని తెలిసే హజ్రత్ అన్ని శుక్రవారాలూ అడిగారు. నన్ను వెళ్ళమన్నది పోలమ్మ కోసం కాదు.

"మరి నువ్వేటికొచ్చేవు?"

"చదువుదామని."

"సదువు మరి. ఎక్కువైతే తిరిగొచ్చేత్తాదేటి?" అని నవ్వింది. ఇసుకలో కూర్చుని మొదలుపెట్టాను. ఆమె చేపలు తిరగేయడం ఆపి, నేను పూర్తిచేసేదాకా చేతులు జోడించి నిలబడింది.

ఇప్పుడు నన్నూ ఎవరో ఒకరు అడుగుతుంటారు, ఫలానావాళ్ళ గతి ఏమిటని. రెండు వాక్యాలూ చెప్పి, మూసా ఆగిన చోట ఆగుతాను. అక్కడ ఆగడం ఇప్పుడు కష్టంగా లేదు. "వెళ్ళాను హజ్రత్" అని ఆయన బతికుండగా చెప్పలేకపోయిన మాటే నాలో మిగిలిపోయింది. ఆయన సమాధి దగ్గర ఎన్నోసార్లు అన్నాను. ఆయనకు వినపడిందో లేదో, అదీ నా ప్రభువుకే తెలుసు.